పెట్టె విప్పని కత్తులు: మడత చాకుల సేకరణపై ఒక ఖండన

అలుగును పిడిలోకి మడిచి జేబులో వేసుకునే చిన్న కత్తులను, అంటే మడత చాకులను, సేకరించేవారిలోనూ వారికి అమ్మేవారిలోనూ ఒక అభిప్రాయం చాలాకాలంగా స్థిరపడి ఉంది. దాని ప్రకారం నిజమైన సేకర్త పేరున్న కంపెనీ చాకును అట్టపెట్టెతోనూ ధ్రువపత్రంతోనూ సహా కొని, దానితో ఒక్క పండునైనా కోయకుండా భద్రపరుస్తాడు. ఒక తయారీదారు వెలువరించిన వరుసలో ఏ ఒక్కటీ లోపించకుండా చూసుకుంటాడు. అతని స్థాయిని అతని దగ్గరున్న చాకుల సంఖ్య, వాటికి పలికే ధర నిర్ణయిస్తాయి. చాకును జేబులో పెట్టుకుని జామకాయ కోసుకునేవాడు ఈ లెక్కలో వాడకందారు మాత్రమే. పాత ఇనుప సామాను కొట్టులో తుప్పుపట్టిన అలుగును ఏరుకునేవాడు ఆ పాటి గౌరవానికి కూడా నోచుకోడు. తెలంగాణలోని వికారాబాద్, తాండూరు వంటి ఊళ్లలో సేకర్త పుట్టే అవకాశమే లేదని, అటువంటి సరుకు అక్కడికి రాదు కాబట్టి అభిరుచి కూడా పెరగదని ఈ అభిప్రాయం నుంచే తేలుతుంది. ఈ అభిప్రాయం తప్పు. అది కొనుగోలును సేకరణగా చూపిస్తుంది, సేకరణను చెత్త పోగుచేయడంగా కొట్టివేస్తుంది. దాని వల్ల నిజంగా నష్టపోతున్నది సంపన్నుల అద్దాల బీరువాలు కాదు, తాండూరు వంటి ఊళ్లలో ఇంకా మిగిలి ఉన్న పాత అలుగులు.

ఈ కొలత ఎక్కడ తయారైందో గమనిస్తే దాని పరిమితి బయటపడుతుంది. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బ్రాడ్‌ఫర్డ్‌కు చెందిన కేస్ అనే కంపెనీ, అలుగు మొదట్లో, అంటే పిడిలోని చీల దగ్గర ఉండే మందమైన భాగం మీద, తన ముద్ర వేస్తుంది. 1970లో ఆ కంపెనీ ముద్ర కింద పది చుక్కలు పెట్టి, ఆ తరువాత ఏటా ఒక్కో చుక్క తగ్గిస్తూ వచ్చింది కనుక, మిగిలిన చుక్కలను లెక్కపెట్టి ఆ దశాబ్దపు చాకు ఏ సంవత్సరంలో తయారైందో చెప్పవచ్చు. దాని నమూనా సంఖ్యలో మొదటి అంకె పిడి ఏ పదార్థంతో చేసిందో, రెండవది అలుగులు ఎన్నో, మిగిలినవి ఆకృతి ఏదో తెలుపుతాయి. 1972లో ఆ దేశంలో చాకుల సేకర్తలకు జాతీయ సంఘం ఏర్పడిన కాలానికి ఈ ముద్రలను చదవడమే సేకర్తల ప్రధాన విద్య. ఆ విద్య ఉన్నవాడికి పెట్టె అవసరం లేదు, ఎందుకంటే చాకు తన పుట్టుకను తానే చెబుతుంది. ధర పెరిగిన కొద్దీ చదివే పని అమ్మకందారు చేతికి పోయింది, కొనేవాడికి పెట్టె మీది చీటీ మిగిలింది. నేడు నిజమైన సేకర్త లక్షణంగా ప్రచారంలో ఉన్నది ఆ విద్య కాదు, దాని మీద ఏర్పడిన ధరల పట్టిక.

వరుస పూర్తి చేయడం అనే రెండవ లక్షణాన్ని ఒక ఉదాహరణతో పరీక్షించవచ్చు. ఫ్రాన్స్‌లోని సావోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఓపినెల్ 1890లో రైతుల కోసం చెక్కపిడి చాకును తయారుచేయడం మొదలుపెట్టి, 1897 నాటికి దాన్ని ఒకటి నుంచి పన్నెండు వరకు అంకెలు గల పరిమాణాలలో అందించాడు; 1930లలో ఒకటవ, పదకొండవ అంకెల తయారీ ఆగిపోయింది. మిగిలిన అంకెలన్నింటినీ డబ్బున్నవారెవరైనా ఒక్క పూటలో తెప్పించుకోవచ్చు, తెప్పించుకున్నాక వారికి కొత్తగా తెలిసేది పెద్ద చాకు పెద్దగా, చిన్న చాకు చిన్నగా ఉంటుందనే సంగతి మాత్రమే. 1955లో ఆ సంస్థ అలుగు తెరిచినప్పుడు అది వేళ్ల మీదికి మూసుకుపోకుండా పిడి మెడకు తిరిగే ఉక్కు ఉంగరాన్ని బిగించింది. ఆ ఉంగరానికి ముందు చేసిన ఎనిమిదవ అంకె చాకు ఒకటి, తరువాత చేసినది ఒకటి పక్కపక్కన పెట్టుకున్నవాడి దగ్గర ఉన్నవి రెండే, రెండూ ఒకే అంకెవి. ప్రబలంగా ఉన్న కొలత ప్రకారం అతనిది అసంపూర్ణమైన, పునరుక్తితో కూడిన సేకరణ. అయినా ఒక పనిముట్టు దాని వాడకందారుల భద్రత కోసం ఎలా మారిందో ఆ రెండు చాకులే చూపగలవు, పూర్తి వరుస చూపలేదు. వరుస అనేది తయారీదారు తన అమ్మకం కోసం గీసుకున్న గీత. సేకర్త ఎక్కడ నడవాలో ఆ గీత నిర్ణయించవలసిన పని లేదు.

అన్నింటికంటే గట్టిగా నాటుకుపోయినది, కొత్తదనం చెడకూడదు అనే మూడవ షరతు. దీన్ని ఖండించడానికి ఉక్కు స్వభావం గురించి కొంత చెప్పవలసి ఉంటుంది. ఇనుములో కొద్దిపాటి కర్బనం కలిసిన ఉక్కు, అంటే కార్బన్ స్టీలు, చింతపండు, నిమ్మ, మామిడి వంటి పులుపు తగిలినప్పుడు నల్లబడి, కాలక్రమంలో నీలిబూడిద రంగు పొరను పొందుతుంది. ఈ పొర ఎర్రటి తుప్పు వంటిది కాదు, పైగా తుప్పును కొంతవరకు అడ్డుకుంటుంది. 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ జరిపిన ప్రయోగాల తరువాత వ్యాప్తిలోకి వచ్చిన స్టెయిన్‌లెస్ స్టీలులో క్రోమియం కనీసం పదిన్నర శాతం ఉంటుంది కాబట్టి దాని మీద ఈ పొర ఏర్పడదు. అందువల్ల ఒక పాత కార్బన్ స్టీలు అలుగు మీది రంగు ఆ చాకు దేన్ని కోసిందో, ఎంతకాలం కోసిందో తెలిపే సాక్ష్యం. అరుగుదల కూడా అంతే. పెన్సిలు చెక్కిన చాకు చీలకు దగ్గరగా అరుగుతుంది, మొక్కలకు అంటు కట్టిన చాకు మొన దగ్గర అరుగుతుంది, వీధి వెంట తిరిగే సానపట్టేవాడి చక్రం మీద ఏళ్ల తరబడి సాగిన అలుగు నడిమి భాగం పలచబడి వంపు తిరుగుతుంది. గోటితో పట్టి అలుగును పైకి లాగడానికి చెక్కిన గాడి అంచులు నున్నబడి ఉంటే ఆ చాకును రోజూ తెరిచారని అర్థం. ఇవేవీ పెట్టె విప్పని చాకు మీద ఉండవు. అది తయారీదారు శాలను దాటి ఎవరి చేతిలోకీ రాని వస్తువు కనుక, దానికి తయారీ చరిత్ర ఉంటుంది గాని జీవితం ఉండదు. ఆ తయారీ చరిత్ర కూడా కంపెనీ దస్త్రాలలో ఎలాగూ భద్రంగా ఉంటుంది. దానికి కాపలాదారు అక్కరలేదు. ఎవరూ రాసిపెట్టని చరిత్రకే సేకర్త అవసరం, ఆ చరిత్ర వాడిన చాకు మీదే ఉంటుంది.

వికారాబాద్, తాండూరులలో అటువంటి సరుకు ఏదీ లేదనే మాటను ఇప్పుడు పరిశీలించాలి. నిజాం రాజ్యపు రైలుమార్గం 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు చేరినప్పటి నుంచి ఈ రెండు ఊళ్లూ బొంబాయి వైపు నుంచి హైదరాబాదుకు వచ్చే సరుకు దారి మీద ఉన్నాయి. తరువాతి కాలంలో వికారాబాద్ నుంచి బీదరు, పర్లి వైపు మరొక మార్గం చీలడంతో అది కూడలి అయింది. తాండూరు నేడు నాపరాళ్లకు, 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన కందులకు పేరుపొందింది. కర్ణాటక సరిహద్దు పక్కనే ఉండటం వల్ల ఆ ఊరి అంగడిలో తెలుగు, ఉర్దూ, కన్నడం ఒకే బేరంలో వినిపిస్తాయి. ఇటువంటి చోటికి మడత అలుగులు రాలేదని చెప్పేవారు, వెతకవలసిన చోట వెతకలేదు. గాజు బీరువా ఉన్న దుకాణం కోసం వెతికారు, నాయీ బ్రాహ్మణుల క్షౌరపు పొదిని చూడలేదు.

తెలుగు పల్లెల్లో శతాబ్దానికి పైగా ప్రతి ఊరిలోనూ ఉన్న మడత కత్తి మంగలి కత్తి. దాని నిర్మాణాన్ని గమనిస్తే, అలుగును పిడి రేకుల మధ్య ఒకే ఒక చీల పట్టి ఉంచుతుంది, స్ప్రింగు లేదు, తాళం లేదు, అలుగు మొదలు నుంచి వెనక్కి చాచిన తోక మీద వేలు ఆనించి కత్తిని అదుపులో ఉంచుతారు. జపాన్‌లో హ్యోగో రాష్ట్రంలోని మికి పట్టణంలో 1890ల నుంచి తయారవుతున్న హిగోనొకామి అనే చవకరకం జేబు చాకు నిర్మాణమూ ఇదే. చీల బిగువు, అలుగు తోక, వేలి ఒత్తిడి తప్ప దానిలో మరో యంత్రాంగం లేదు. ఒకప్పుడు జపాన్ బడిపిల్లలు పెన్సిళ్లు చెక్కుకున్న ఆ చాకును, 1960 తరువాత పిల్లలకు కత్తులు ఇవ్వకూడదన్న ఉద్యమంతో తయారీ క్షీణించి ఒకే ఒక్క కుటుంబానికి పరిమితమయ్యాక, ప్రపంచమంతటా సేకర్తలు ఆదరంగా కొనుక్కుంటున్నారు. అదే నిర్మాణం గల మంగలి కత్తిని మాత్రం అదే సేకర్తలు క్షౌర సామగ్రి అని వేరుచేసి పక్కన పెడతారు. ఈ విభజనకు యంత్ర నిర్మాణంలో ఆధారం లేదు, ఉక్కులో ఆధారం లేదు, మడత అనే లక్షణంలో ఆధారం లేదు. ఒకటి దూరదేశపు పిల్లవాడిది, మరొకటి ఊరి వృత్తికారుడిది అనే భేదం తప్ప మరేమీ కనిపించదు. వృత్తి పట్ల ఉన్న చిన్నచూపు సేకరణ సూత్రంగా వేషం మార్చుకుని వచ్చిందని ఇక్కడ స్పష్టంగా చెప్పక తప్పదు.

మంగలి కత్తి సేకర్తకు ఇచ్చేది తక్కువేమీ కాదు. ఈ కత్తులలో చాలావాటికి ఇంగ్లండులోని షెఫీల్డ్, జర్మనీలోని జోలింగెన్ పట్టణాల ముద్రలు ఉండేవి. బ్రిటన్ 1887లో సరుకు ముద్రల చట్టం చేసి విదేశీ సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలని నిర్బంధించినందువల్ల, అలుగు మొదట్లో జర్మనీ పేరు కనిపిస్తే ఆ కత్తి సుమారుగా ఆ కాలానికి తరువాతిదని ఊహించవచ్చు. జోలింగెన్ అనే పేరును ఆ పట్టణ పరిసరాలలో చేసిన సరుకుకే వాడాలని జర్మనీ 1938లో శాసించింది. అలుగు పక్కలను సానచక్రం మీద ఎంత లోతుగా తొలిచారనేదాన్ని బట్టి తయారీ నైపుణ్యం తెలుస్తుంది, పిడి కొమ్ముతో చేసిందా, సెల్యులాయిడ్ వంటి కృత్రిమ పదార్థంతో చేసిందా అనేదాన్ని బట్టి కాలం తెలుస్తుంది. అసలు పిడి విరిగిపోయాక ఊరి కమ్మరో వడ్రంగో కొత్త పిడి అమర్చి, చీలకు బదులు రాగి తీగ దిగవేసి ఉంటే, ప్రబలమైన కొలత దాన్ని చెడిపోయిన కత్తి అంటుంది. జాగ్రత్తగల సేకర్త మాత్రం దాన్ని రెండు దేశాల పనితనం కలిసిన కత్తిగా చూస్తాడు. అనంతగిరి అనంత పద్మనాభస్వామి కార్తీక జాతరకు వచ్చిన కుటుంబాల పిల్లలకు పుట్టువెంట్రుకలు తీసే పని చేసిన కత్తికి, ఒక ప్రాంతపు మొక్కుల చరిత్రలో కూడా భాగం ఉంటుంది. బ్లేడు మార్చుకునే కత్తులు వచ్చి, ఒకరికి వాడిన అలుగుతో మరొకరికి రోగం అంటవచ్చునన్న సరైన భయం కూడా తోడై, పాత కత్తులు పొదిలో నుంచి ఒక్కసారిగా తప్పుకున్నాయి. అవి తప్పుకోవడం ఆరోగ్యానికి మంచిదే. తూకానికి పోవడం మాత్రం అవసరం కాదు.

మరికొన్ని రకాలను క్లుప్తంగా చెబితే చాలు. వికారాబాద్ నుంచి చేవెళ్ల మీదుగా హైదరాబాదుకు పోయే దారిలోని తోటలకు, నర్సరీలకు అంటు కట్టే చాకు నిత్యావసరం. గులాబీకి కన్ను అంటు కట్టేటప్పుడు బెరడును చీల్చడానికి పదునైన అలుగు, చీల్చిన బెరడును చెదరకుండా ఎత్తడానికి మొద్దుగా ఉండే నాలుక ఒకే పిడిలో ఉండటం దాని విశేషం. నిజాం కాలపు దఫ్తర్లలో రెల్లు కలాలతో ఉర్దూ, పారసీ రాసిన గుమాస్తాలకు కలం పాళీ చెక్కే చిన్న చాకు సిరాబుడ్డి పక్కనే ఉండేది. జాతర దుకాణాలలో గాజుల పక్కన, తాళంచెవి గొలుసుల పక్కన వేలాడే ఇత్తడి పిడి చాకులు ధరలో అతి చవకవి, తయారీలో ముతకవి. ఎవరూ దాచరు కనుకనే అవి అన్నింటికంటే త్వరగా మాయమవుతాయి. స్ప్రింగుతో తెరుచుకునే బటన్ చాకు, ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ పేరుతో సినిమాల ద్వారా ప్రసిద్ధమైనది, దీనికి విరుద్ధం. దాని మీద అవసరానికి మించిన మోజు ఉంది.

ఈ వాదనకు అసలు ఆధారం వస్తువుకూ దాని సమాచారానికీ ఉన్న సంబంధంలో ఉంది. మొగల్ చక్రవర్తి జహంగీర్ కాలంలో, 1621లో, పంజాబులోని జలంధర్ ప్రాంతంలో ఆకాశం నుంచి ఒక ఇనుప ఉల్క పడింది. మూడు పాళ్లు ఉల్క ఇనుమూ, ఒక పాలు మామూలు ఇనుమూ కలిపి దానితో ఆయుధాలు చేయించినట్లు, చేసినవాడు ఉస్తాద్ దావూద్ అని చక్రవర్తి తన జ్ఞాపకాలలో రాశాడు. ఆ లోహంతో చేసిన చాకు ఇప్పుడు వాషింగ్టన్‌లోని ఫ్రీర్ చిత్రశాలలో ఉంది. అలుగు మీది శాసనం, చక్రవర్తి రాత లేకపోయి ఉంటే దాన్ని ఉల్క చాకుగా వెతికి పరీక్షించే ఆలోచన కూడా ఎవరికీ వచ్చేది కాదు. బంగారు పొదుగుడు గల అనేక మొగల్ కత్తులలో అది ఒకటిగా మిగిలేది. ఆ చాకును అపురూపం చేసింది దాని నిగనిగ కాదు, దానితో పాటు నడిచి వచ్చిన నాలుగు వాక్యాలు.

దీనికి వ్యతిరేకంగా జరిగినదానికి తెలంగాణమే సాక్ష్యం. నిజామాబాదు వైపు ఉన్న కోనసముద్రంలో మూసలో కరిగించి చేసిన ఉక్కును, ఐరోపావారు వూట్జ్ అని పిలిచిన దాన్ని, కొనడానికి పర్షియా వర్తకులు స్వయంగా వచ్చి ఆ ఊరిలో మకాం వేసేవారని, భూసర్వే బృందంతో పనిచేసిన హెన్రీ వాయ్‌సీ 1820ల ప్రాంతంలో చూసి రాశాడు. అతని వ్యాసం అతను మరణించాక 1832లో అచ్చయింది. ఆ ఉక్కుతో చేసినవని చెప్పే అలుగులు ప్రపంచ మ్యూజియములలో మెరుస్తూ భద్రంగా ఉన్నాయి. ఏ అలుగు ఏ ఊరి ఉక్కు అని అడిగితే చాలావాటికి సమాధానం లేదు, ఎందుకంటే వాటిని సేకరించినవారు రూపాన్ని, పిడి మీది రత్నాలను చూశారే గాని లోహం ఎక్కడిదో అడగలేదు. 2010లో ఉత్తర తెలంగాణలో పరిశోధకులు ఊరూరా తిరిగి చిట్టెపు గుట్టలను, మూసల ముక్కలను గుర్తించి, కమ్మరి కుటుంబాల జ్ఞాపకాలను నమోదు చేసి, పోయినదానిలో కొంత తిరిగి రాబట్టవలసి వచ్చింది. అలుగు చెక్కుచెదరకుండా నిలిచి సమాచారం పోవడం అంటే ఏమిటో ఇంతకంటే బాగా చూపే ఉదాహరణ మరొకటి అక్కరలేదు.

తెలుగునాట సేకరణకు ఉన్న మంచి సంప్రదాయం ఈ పాఠాన్ని ఏనాడో గ్రహించింది. సి.పి.బ్రౌన్ వేమన పద్యాలకు ఒక అందమైన తాళపత్ర ప్రతిని కొని దాచుకుని తృప్తిపడలేదు; పలు చోట్ల నుంచి ప్రతులు తెప్పించి, పండితుల చేత పాఠభేదాలు పోల్చి రాయించాడు. పురుగు తొలిచిన ప్రతి కూడా ఆయనకు అవసరమే అయింది, ఎందుకంటే దానిలోని పాఠం మరెక్కడా ఉండకపోవచ్చు. బిరుదురాజు రామరాజు జానపద గేయాలను సేకరించినప్పుడు పాటతో పాటు దాన్ని పాడే సందర్భాన్నీ వదలలేదు. జానపద వాద్యాలను, ఆదివాసుల కళాఖండాలను సేకరించి ఆద్యకళ పేరుతో ప్రదర్శించిన జయధీర్ తిరుమలరావు కృషి వెనుక కూడా, వస్తువును దాని మనుషుల నుంచి విడదీయకూడదనే పట్టుదల ఉంది. తాటాకుకు, పాటకు, డోలుకు వర్తించిన ఈ పద్ధతి చాకుకు ఎందుకు వర్తించదో ప్రబల వాదులు చెప్పవలసి ఉంటుంది.

ఇక్కడ సాలార్‌జంగ్ పేరు ఎదురువాదంగా రావడం సహజం. తెలుగువారికి సేకర్త అనగానే గుర్తుకొచ్చేది మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్. ఒకే మనిషి అంత పోగుచేశాడన్న ఆశ్చర్యం నుంచి, ఎక్కువ ఉన్నవాడే గొప్ప సేకర్త అనే భావన బలపడింది. చరిత్ర ఆ భావనకు అండగా నిలవదు. ఆ సేకరణలో అందరూ చూడటానికి ఎగబడే మేలిముసుగు రెబెక్కా శిల్పాన్ని 1876లో రోములో కొన్నది ఆయన తాత మొదటి సాలార్‌జంగ్, కనుక అది మూడు తరాల సేకరణ. మూడవ సాలార్‌జంగ్ 1949లో మరణించాక, 1951లో దివాన్ దేవిడీ భవనంలో ఆ సేకరణ ప్రదర్శన మొదలై, అది 1961లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా రూపొందిన తరువాత, పండితులు ఏళ్ల తరబడి కూర్చుని పారసీ, అరబ్బీ రాతప్రతులకు వివరణ పట్టికలు తయారుచేశారు. పరిశోధకులు ఆ రాతప్రతుల దగ్గరకు ఈనాడు రాగలుగుతున్నది ఆ పట్టికల వల్లనే. సంఖ్య జనాన్ని రప్పిస్తుంది, పట్టిక జ్ఞానాన్ని నిలబెడుతుంది. ఈ రెండింటిలో రెండవ పనే సేకర్త పని, దాన్ని ఇరవై కత్తులున్నవాడు కూడా చేయగలడు.

ప్రబల వాదానికి విరుగుడుగా కొందరు చూపే మరో వాదం ఉంది: చాకు పనిముట్టు కాబట్టి వాడుతూ ఉండటమే దానికి గౌరవమని, దాచడమే తప్పని. ఈ వాదంలో ఆకర్షణ ఉన్నా అది కూడా నిలవదు, ఎందుకంటే వాడుతూ పోతే చివరికి అలుగు సానచక్రం మీద కరిగిపోతుంది, దానితో సాక్ష్యమూ పోతుంది. కొత్తగా కొన్న చాకును హాయిగా వాడుకోవచ్చు. వేరొకరి జీవితం అరగదీసిన చాకును మాత్రం ఆ అరుగుదల దగ్గరే ఆపాలి. దాన్ని ఎమరీ కాగితంతో రుద్ది తళతళలాడించేవాడు, తెలియకుండానే, ఒక రాతప్రతిని తడిగుడ్డతో తుడిచినవాడితో సమానమవుతాడు. చేయవలసింది ఎర్రతుప్పును నూనెతో మెత్తబరిచి తీయడం, చీల దగ్గర ఒక చుక్క సన్ననూనె వేయడం, నల్లని పొరను ముట్టుకోకపోవడం. కొమ్ముపిడిని తేమ నుంచి, పురుగు నుంచి కాపాడాలి; సెల్యులాయిడ్ పిడిని మిగిలినవాటి నుంచి వేరుగా ఉంచాలి, ఎందుకంటే అది కుళ్లేటప్పుడు వెలువడే ఆవిరి పక్కనున్న ఉక్కును తినేస్తుంది.

చాకులు పోగుచేయడం రౌడీల అలవాటనే అపోహ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. 1959 ఆయుధ చట్టం కింద 2016లో వచ్చిన నియమాలు తొమ్మిది అంగుళాల కంటే పొడవైన, లేదా రెండు అంగుళాల కంటే వెడల్పైన అలుగు గల కత్తులను ఆయుధాల కోవలో చేర్చి, ఇంటి పనికి, సేద్యానికి, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు చేసినవాటిని మినహాయించాయి. బటన్ చాకుల మీద కొన్నిచోట్ల ప్రభుత్వాలు విడిగా ఆంక్షలు పెట్టాయి కనుక వాటి విషయంలో స్థానిక నిబంధన తెలుసుకోవడం సేకర్త బాధ్యత. మంగలి కత్తి, అంటు చాకు, కలం చాకు ఈ కోవలోకి రావు.

ఇంత చెప్పాక ప్రబల వాదులు లేవనెత్తగల గట్టి అభ్యంతరం ఒకటే మిగులుతుంది: ధర, సంఖ్య, కొత్తదనం అనే కొలతలను తీసివేస్తే తుప్పుపట్టిన అలుగు ఒకటి చేతిలో ఉన్న ప్రతివాడూ సేకర్తనని చెప్పుకోవచ్చు కదా అని. ఈ అభ్యంతరం కొలతను తప్పుగా అర్థం చేసుకుంటుంది. ఇక్కడ ప్రతిపాదిస్తున్న కొలత ప్రబలమైన దానికంటే కఠినమైనది. తన దగ్గరున్న ఏ చాకునైనా తీసి చూపినప్పుడు, అది ఎక్కడ, ఎవరి వద్ద దొరికిందో, ఆ ఇంటివారు దాన్ని ఏ పేరుతో పిలిచేవారో, అలుగు దుకాణం సరుకా లేక ఊరి కొలిమిలో పాత లారీ కమాను పట్టీని సాగదీసి చేసిందా, ముద్ర ఏమంటున్నదో, ఎక్కడ ఎందుకు అరిగిందో, ఏ మరమ్మతు జరిగిందో చెప్పగలిగినవాడు, చెప్పడమే కాక రాసిపెట్టి ఆ రాతను చాకుతో పాటే ఉంచినవాడు సేకర్త. చెప్పలేనివాడు, అతని దగ్గరున్నవి తుప్పుపట్టిన అలుగులైనా, అయిదు వందల కొత్త చాకులైనా, సేకర్త కాడు. డబ్బు ఈ పరీక్షను దాటించలేదు, పేదరికం అడ్డుకోలేదు.

ఈ కొలతతో చూస్తే వికారాబాద్ జిల్లాలో సేకర్తకు లేనిది అవకాశం కాదు, వ్యవధి. పరిగి, దోమ, కుల్కచర్ల, బషీరాబాద్, యాలాల, పెద్దేముల్ వంటి చోట్ల కొలిమి ముందు కూర్చున్న చివరి తరం కమ్మరులూ, తండ్రి కత్తికి తోలుపట్టీ మీద పదును పెట్టడం నేర్చుకున్న చివరి తరం నాయీ బ్రాహ్మణులూ పెద్దవయసువారు. ఒక కత్తికి సంబంధించిన ప్రశ్నలకు సమాధానం వారి దగ్గరే ఉంది. వారి పిల్లల దగ్గర ఉండేది కత్తి మాత్రమే. అది ఒకసారి తాండూరులోని పాత సామాను కొట్టు తక్కెడలో పడ్డాక, ఆ కొట్టు యజమాని దాని బరువు తప్ప మరేదీ చెప్పలేడు, కాబట్టి సేకర్త కొట్టు దగ్గర కాపు కాయడం కంటే ముందు, పొది ఉన్న ఇంటికి నోటుపుస్తకంతో వెళ్లి, కత్తి అడగకుండా, మొదట కత్తి సంగతులు అడగాలి.